మన్యమున తిండి ఋతువులు – ఆకలి నెలలు

పల్లపు రైతునకు తిండి యనగా గాదెలోని ధాన్యమే. కొండ రైతునకు ఋతువున కొక తిండి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతములలో నివసించు భగతలు, కొండదొరలు, ఖోందులు మున్నగువారి వంటయిల్లు పొలముపై నెంత ఆధారపడునో అడవిపైనను అంత ఆధారపడును.

చైత్రమున ఇటుకల పండుగ వచ్చును. మగవారు వేటకు పోవుదురు. విత్తనములకు పూజ జరుగును. వేసవిలో ఇప్పపూవు నేరి యెండబెట్టుదురు. తొలకరితో పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, ఆకుకూరలు లభించును. భాద్రపదమున కొర్రకొత్త, పుష్యమున కందికొత్త. చోడి అంబలి మాత్రము అన్ని కాలములయందును ఉండవలసినదే. కొత్త పంటను దేవతకు నివేదింపక ముందు ఎవ్వరును ముట్టరు. పక్వము కాని కంకిని కోయకుండ ఈ కట్టుబాటు పంటను కాపాడుచున్నది.

ఇంత యెరుక గల వారికిని ఆషాఢ శ్రావణములు గడ్డు నెలలు. నాటిన పైరు చేతికి రాదు. నిరుటి గింజ నిండుకొనును. అప్పుడు వేసవిలో దాచిన మామిడి టెంకలు పగులగొట్టి, లోని జీడిని నీట నానబెట్టి వగరు పోగొట్టి, ఆ పిండితో అంబలి కాచుకొందురు. జీలుగు చెట్టు మొద్దులోని పిండియు ఆహారమగును. నేడు చౌకధరల దుకాణపు బియ్యము వలన ఈ కష్టము కొంత తగ్గినది గాని, పూర్తిగా తీరలేదు.

వానకాలపు తేమకు టెంకపిండి బూజు పట్టినచో విషమగును. 2001వ సంవత్సరమున పొరుగున నున్న ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపురము ప్రాంతమున 20 మందికి పైగా గిరిజనులు మరణించిరి. టెంక అంబలియే కారణమని ప్రభుత్వము చెప్పగా, ఆకలియే కారణమని పలువురు వాదించిరి. ఆలోచించినచో రెండును ఒకటే. చోళ్ళున్న యింట బూజు పిండిని ఎవరు వండుదురు?

మరి మార్గశిరమున పండిన చోళ్ళేమైనవి? కొంత సంతలో చవుకగా అమ్ముడుపోవును. కొంత పాత అప్పు క్రింద షావుకారు కొలుచుకొనును. ఆషాఢమున అదే గింజను హెచ్చు ధరకు మరల తెచ్చుకొనవలెను. ఇట్టి అప్పులను అదుపు చేయుటకే 1917లో మన్యప్రాంతపు వడ్డీ, భూమి బదిలీ చట్టము వచ్చినది. చింతపండు, తేనె వంటి అటవీ ఫలసాయమును కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. అమ్మకమున కివి తోడ్పడును గాని, ఇంటి గింజను నిలుపుకొనుట మన చేతిలోని పని.

ఇందులకు ఊరుమ్మడి గాదె మేలైన యుపాయము. ఒక గ్రామమున 40 కుటుంబములు గలవనుకొందము. కోతలనాడు కుటుంబమునకు 25 కిలోల చోళ్ళు గాదెలో పోసినచో 1,000 కిలోలగును. ఆషాఢమున అవసరమైనవారు తీసికొని, మరుసటి కోతకు నూటికి పదివంతున చేర్చి తిరిగి పోయవలెను. అందరును వాడుకొన్నచో రెండవ యేట గాదెలో 1,100 కిలోలుండును. ఆ పెరుగుదల షావుకారుది కాదు, ఊరిది. గింజలను బాగుగా ఎండబెట్టి, గాదెను నేలకెత్తుగా కట్టి, లెక్క నలుగురి యెదుట చదువవలెను.

ఈ నియమము కొండకే కాదు, పల్లమునకును చెల్లును. కోతలనాడు దాచిన కుంచెడు గింజలే ఆషాఢమున ప్రాణము నిలుపును.