‘అమ్మ’ ఇన్ని భాషల్లో ఎందుకుంది?

ప్రశ్న: కొరియన్ సీరియళ్లలో పిల్లలు తల్లిని ‘ఒమ్మా’ అని, తండ్రిని ‘అప్పా’ అని పిలుస్తున్నారు. మన ‘అమ్మ’, తమిళుల ‘అప్పా’ అంత దూరం ఎలా వెళ్లాయి?

జవాబు: అవి ఇక్కడి నుంచి వెళ్లినవి కావు. అక్కడి పసిపిల్లలకూ ఇక్కడి పసిపిల్లలకూ నోరు ఒకేలా తిరుగుతుంది. ఆ మాటలు రెండుచోట్లా విడివిడిగా పుట్టాయి. ఎలాగో నెమ్మదిగా చూద్దాం.

తమిళ, కన్నడ, మలయాళాల్లో అమ్మ అమ్మే. అవి మన తోబుట్టువుల్లాంటి భాషలు కాబట్టి అందులో వింత లేదు. టిబెటన్‌లో ‘అమా’, నేపాలీలో ‘ఆమా’, అరబ్బీలో ‘ఉమ్మ్’, హీబ్రూలో ‘ఇమా’, చైనీస్‌లోనూ స్వాహిలీలోనూ ‘మామా’. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు కొండల్లో మాట్లాడే బాస్క్ భాషకు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం తేలలేదు. అందులోనూ తల్లి ‘అమా’యే. ఐస్‌లాండ్‌లో అచ్చంగా ‘అమ్మ’ అనే అంటారు, కాకపోతే అక్కడ దానికి అర్థం అమ్మమ్మ లేదా నాయనమ్మ.

ఎలా పుట్టింది?

బిడ్డకు ఆరేడు నెలలు వచ్చేసరికి ‘మమమ’, ‘బబబ’, ‘దదద’ అంటూ ముద్దుపలుకులు మొదలవుతాయి. పెదవులు కలిపి విడదీస్తే మ, ప, బ పలుకుతాయి. నోరు తెరిస్తే ‘ఆ’ వస్తుంది. నాలుకను మడవాల్సిన ళ, ణ వంటివి అంత త్వరగా పట్టుబడవు. అందుకే పసినోట ముందుగా వినిపించేవాటిలో పెదవులతో పలికే అక్షరాలే ఎక్కువ.

మరి వాటిలో ‘మ’ తల్లికే ఎందుకు దక్కింది? రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ దీనికి 1960లో అచ్చయిన వ్యాసంలో జవాబు చెప్పాడు. పాలు తాగుతున్నంతసేపూ బిడ్డ నోరు నిండుగా ఉంటుంది. గాలి ముక్కులోంచే పోవాలి. అప్పుడు గొంతులోంచి వచ్చే చప్పుడు ‘మ్’ అనే వినిపిస్తుంది. తర్వాత ఆకలైనా, ఎత్తుకోవాలన్నా బిడ్డ ఆ చప్పుడే చేస్తుంది. అది విని పరుగెత్తుకొచ్చే మనిషి తల్లి. ‘నన్నే పిలిచాడు’ అని ఆమె మురిసిపోతుంది, ‘అమ్మా! అను, అమ్మా!’ అని తిరిగి నేర్పుతుంది. అలా చప్పుడు కాస్తా పేరవుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. జార్జ్ పీటర్ మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల నుంచి తల్లిని, తండ్రిని సూచించే 1,072 మాటలు పోగుచేశాడు. వాటిని పరిశీలిస్తే తల్లి మాటల్లో సగానికి పైగా మ, న వంటి ముక్కుతో పలికే అక్షరాలతో ఉన్నాయి. తండ్రి మాటల్లో అలాంటివి చాలా తక్కువ. మన ‘నాన్న’ ఆ తక్కువవాటిలో ఒకటి.

అన్ని భాషల్లోనూ ఇంతేనా?

కాదు. జార్జియన్ భాషలో ‘మామా’ అంటే తండ్రి, తల్లి ‘దేదా’. ఆస్ట్రేలియా ఆదివాసుల పిట్జన్‌జాజరా భాషలోనూ ‘మామా’ తండ్రే. మనకు మామ అంటే మేనమామ. మన ‘అత్త’లాగే వినిపించే ‘అట్టా’ ప్రాచీన గోథిక్ భాషలో తండ్రి. బిడ్డ చేసే చప్పుడు అన్నిచోట్లా ఒకటే, దాన్ని ఏ చుట్టానికి అంటగట్టాలో నిర్ణయించింది మాత్రం ఆయా ఇళ్లలోని పెద్దలు. ఉత్తర అమెరికాలోని మోహాక్ భాషలో మ, ప, బ అక్షరాలే లేవు. అక్కడ తల్లి ‘ఇస్తా’.

మరి చుట్టరికం తేల్చేదెలా?

‘అమ్మ’ కలిసింది కదా అని కొరియన్ మన భాషకు చుట్టమనుకోవడం పొరపాటు. భాషల చుట్టరికానికి రుజువు ఒకే వరసలో నడిచే మార్పుల్లో దొరుకుతుంది. మన పాలు కన్నడలో హాలు, పులి హులి, పంది హంది, పూవు హూవు. మాట మాటకూ ‘ప’ ఉన్నచోట ‘హ’ వస్తోంది. ఇది యాదృచ్ఛికం కాదు, ఒకే ఇంట పుట్టిన గుర్తు. ఈ చుట్టరికంతో సంబంధం లేకుండా, జపనీస్‌లోనూ పూర్వపు ‘ప’ ఇలాగే ‘హ’ అయింది. ఇప్పుడు తల్లిని సూచించే ‘హహా’ అనే మాటను పూర్వం ‘పపా’ అని పలికేవారు!

సంస్కృత ‘మాతృ’, లాటిన్ ‘మాతెర్’, పారశీక ‘మాదర్’, ఇంగ్లీషు ‘మదర్’ నిజంగానే చుట్టాలు. వాటి మొదట్లో ఉన్నది ఆ పసిపలుకు ‘మా’యేనని, పితృ, భ్రాతృలలో కనిపించే బంధుత్వ ప్రత్యయం దానికి తోడైందని పండితులు చెబుతారు.

తెలుగులోనే చూడండి. దరఖాస్తులో ‘తల్లి పేరు’ అని రాస్తాం, ఇంట్లో ‘అమ్మా’ అని పిలుస్తాం. చెప్పుకునే మాట తరాలతో పాటు మారుతూ పోతుంది. పిలిచే మాటను మాత్రం ప్రతి పసినోరూ మళ్లీ కొత్తగా పలుకుతుంది. అందుకే అది అంతగా అరగదు.

దెబ్బ తగిలితే మనం ‘అమ్మా!’ అంటాం, లేదంటే ‘అబ్బా!’ అంటాం. ‘అబ్బ’ అంటే తండ్రి. క్రీస్తు మాట్లాడిన అరామిక్ భాషలోనూ ‘అబ్బా’ తండ్రే. ఎంత పెద్దవాళ్లమైనా నొప్పి పుడితే నోటికొచ్చేవి ఆ మొదటి పిలుపులే.

మీ ఇంట్లో ఏడెనిమిది నెలల పాపాయి ఉంటే ఆ ‘మమమ’ను శ్రద్ధగా వినండి. అప్పటికది ఇంకా చప్పుడే. మీరు ‘ఊఁ, ఏం తల్లీ?’ అని పలికితేనే అది మాటవుతుంది. కాబట్టి తప్పకుండా పలకండి.