రోహిణి కార్తెలో అక్వేరియం: ఐసుగడ్డ కాదు, గాలి కావాలి

మనం ఎప్పుడూ జీవామృతం, ఆచ్ఛాదన, కూరగాయల మడుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం వేరే సంగతి. పోయినసారి వంకాయ నారు వీడియో తీసినప్పుడు నా వెనుక వరండాలో ఒక మట్టి గోలెం, దాంట్ల మూడు ఎర్ర చేపలు కనబడ్డాయి. నారు సంగతి వదిలేసి చాలామంది ఆ చేపల గురించే అడిగారు. అద్దాల తొట్టిలో ఉండాల్సిన గోల్డ్‌ఫిష్ గోలెంలోకి ఎందుకొచ్చినయ్ అని. దాని వెనుక నా తెలివితక్కువతనం ఉంది. అది కూడా దాచకుండా చెప్తాను.

మా పొలం మానకొండూరు వైపు. ఉండేది మాత్రం కరీంనగర్‌లో, మిద్దె మీది పోర్షన్‌లో. పైన స్లాబు, పడమటి గోడకు ఎండ. మా బిడ్డ ఏడో తరగతి. పండుగలకు వచ్చిన పైసలు దాచుకొని రెండున్నర అడుగుల అక్వేరియం, అయిదు గోల్డ్‌ఫిష్ కొనుక్కుంది. నింపితే దాదాపు 100 లీటర్లు పడుతుంది. హాల్లో చూడ్డానికి బాగుంటుందని ఆ పడమటి గోడకే ఆనించి పెట్టినం. అది మొదటి తప్పు.

పోయినేడు మే ఆఖరి వారం. రోహిణి కార్తె. మన దిక్కు ఆ రోజుల్లో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మధ్యాహ్నం మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. నేను పొలం నుంచి వచ్చేసరికి బిడ్డ తొట్టి ముందే కూర్చుంది. "బాపూ, చేపలన్ని మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్" అంది. థర్మామీటర్ చూస్తే నీళ్లు 36 డిగ్రీలు. మనకు జ్వరం చూసే అంకె దగ్గరికి వచ్చింది నీళ్ల వేడి.

నేనేం చేసిన్నంటే, బండేసుకొని పోయి అయిదారు కిలోల ఐసుగడ్డ తెచ్చి తొట్టిలో వేసిన. పావుగంటలో ముల్లు 31కి దిగింది. నేను సంబరపడ్డ. రాత్రి పదింటికి ఒక చేప పక్కకు ఒరిగింది. పొద్దుగాల లేచేసరికి ఇంకోటి. బిడ్డ ఏడ్వలేదు. నాతోని మాట్లాడలేదు, అంతే. రెండు రోజులు.

తెల్లారి మిగిలిన మూడు కూడా పైనే తేలుతున్నాయి. అప్పుడు మానేరు డ్యామ్‌లో వలలు వేసే ఒక కాకకు ఫోన్ చేసిన. మా పొలం గట్టు మీదుగానే పోతుంటాడు, పరిచయం. జరిగింది అంతా విని ఒక్కటే మాట అన్నాడు. "చేప మీదికి లేసిందంటే ఎండకు కాదు కొడుకా, ఊపిరాడక. నువ్వు ఐసేసినవ్ గని గాలియ్యలే."

చెరువులో కూడా ఎండాకాలం తెల్లవారుజామున చేపలు ఇట్లనే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయట. నాకు ఇది వింతగా అనిపించింది. తెల్లవారుజాము అంటే రోజంతట్లో చల్లటి వేళ కదా. కానీ ఆలోచిస్తే సరిపోయింది. పగలు నాచు, నీటి మొక్కలు ఎండలో ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవే తీసుకుంటాయి. తెల్లారేసరికి నీళ్లలో గాలి అడుగంటుతుంది. వేడి ఒక్కటే కారణమైతే చేపలు మధ్యాహ్నం పైకి రావాలి, తెల్లవారుజామున కాదు.

వేడికీ ఊపిరికీ ఉన్న లెక్క ఇది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 దగ్గర ఏడున్నర. 35 దగ్గర ఏడుకు లోపే. ఇక్కడిదాకా చూస్తే తగ్గింది కొంచెమే అనిపిస్తుంది. కానీ చేపది చల్లని రక్తం. నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే దాని ఒంట్లో ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది. జమ తగ్గి, ఖర్చు రెట్టింపైన సంసారం ఎట్లుంటదో అట్లా. పైగా గోల్డ్‌ఫిష్ అసలు చల్లని నీళ్ల చేప. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మన ఇండ్లల్లో అది ఎండాకాలమంతా ఓర్చుకొని బతుకుతుంది, అంతే.

ఇంకోటి, చేప రెట్టలోంచి వచ్చే అమోనియా. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులో విషమయ్యే వంతు పెరుగుతుంది. ఫిల్టర్ స్పాంజిలో ఉండే సూక్ష్మజీవులు ఆ అమోనియాను విరగ్గొడతాయి. వాటికీ గాలి కావాలి. కరెంటు పోయి ఫిల్టర్ గంటల తరబడి ఆగితే అవి చావడం మొదలైతయ్. మనం జీవామృతం డ్రమ్మును ఎండలో పెట్టి, మూత బిగించి, కలపకుండా వదిలేస్తే ఏమైతదో తెలుసు కదా. అదే కథ. కరెంటు వచ్చాక ఆ కుళ్లిన స్పాంజితోనే మోటర్ వేస్తే ఆ మురికంతా ఒక్కసారి తొట్టిలోకి వస్తుంది. ముందు స్పాంజిని తొట్టి నీళ్లు ఒక మగ్గులో తీసుకొని అందులో పిండాలి. నల్లా నీళ్లలో కడగొద్దు, క్లోరిన్‌కు ఉన్న సూక్ష్మజీవులు కూడా పోతాయి.

మరి ఐసు ఏం చేసింది? పావుగంటలో అయిదు డిగ్రీలు దించడమే ఒక దెబ్బ. చల్లని నీళ్లు బరువు, అడుక్కు పోతాయి. పైన నీళ్లు కదలకుండా ఉంటే గాలి కలవదు. పంపు ఆగింది, ఐసు కరిగింది, చేప ఊపిరి అట్లనే ఉంది. ఐసు ఫ్యాక్టరీ గడ్డ ఏ నీళ్లతో చేసిందో కూడా నాకు తెల్వదు.

ఆ పొద్దున కాక చెప్పినట్టు చేసిన పని చాలా చిన్నది. ఒక మగ్గుతో తొట్టిలో నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా మళ్లీ తొట్టిలోనే పోయడం. పది నిమిషాలు పోయాలి, కాసేపు ఆగాలి, మళ్లీ పోయాలి. బిడ్డా నేనూ వంతులు వేసుకున్నం. గంటలోపు మూడు చేపలూ నడుమ నీళ్లలోకి దిగినయ్. థర్మామీటర్ అప్పుడు 33 చూపించింది. అంటే వేడి తగ్గకముందే చేపలు తేరుకున్నాయి. నా కండ్ల ముందు జరిగింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. పైన ఉన్న వీడియోలో మగ్గు ఎంత ఎత్తులో పట్టుకోవాలో చూపించాను, చూడండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు కూడా అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. కరెంటు పోయే ఊళ్లో అదొకటి ఇంట్లో పెట్టుకోండి.

తర్వాత వేడి సంగతి. ఇక్కడ మన రంజన్ గుర్తుకు తెచ్చుకోండి. రంజన్‌లో నీళ్లు ఎట్ల చల్లబడతాయి? చెమ్మ బయటికి వచ్చి ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది. అక్వేరియంలో ఆ పని నీటి పైభాగం చేయాలి. కానీ మనం దానికి అద్దం మూత పెట్టి, మూతకు బల్బు పెడతాం. నేను మూత తీసేసి దోమతెర గుడ్డ కట్టిన. లేకుంటే చేప దుంకుతుంది. లైటు బంద్ చేసిన. కరెంటు వచ్చినంక ఒక చిన్న టేబుల్ ఫ్యాన్‌ను నీటి మీదికి ఏటవాలుగా తిప్పిన. ఫ్యాన్ వైరు తొట్టి కంటే కిందికి వేలాడి మళ్లీ ప్లగ్గుకు ఎక్కేలా పెట్టండి. నీటి చుక్క వైరు పట్టుకొని జారినా కిందనే రాలుతుంది, ప్లగ్గులోకి పోదు.

సాయంత్రానికి నీళ్లు అర సెంటీమీటరు తగ్గినయ్. మా తొట్టి కొలతకు అది దాదాపు లీటరున్నర. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. లీటరు గడ్డ కట్టించిన సీసా మొత్తం కరిగి తొట్టి వేడికి వచ్చినా తీసుకునేది 110 దాకానే. అంటే ఒక లీటరు ఆవిరి అయిదు ఐసు సీసాల పెట్టు. గదిలోంచి వేడి మళ్లీ వస్తూనే ఉంటుంది కాబట్టి లెక్కకు వచ్చినంత దిగదు. మాకు 35 నుంచి 31కి దిగింది, అదీ అయిదారు గంటలు పట్టి, మెల్లగా. చేపకు కావాల్సింది ఆ మెల్లగానే. ఐసు వాడక తప్పదనుకుంటే మూత బిగించిన సీసాను తేలేయండి, ఒకటి కరిగినంకనే ఇంకోటి.

ఈ ఉపాయం మన దిక్కు బాగా పనిచేయడానికి కారణం మన ఎండ పొడి ఎండ. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 దాకా దిగుతుంది. కాకినాడ, విశాఖల్లో ఉక్కపోతకు ఇంత దిగదు. మనకు కూడా వానలు పడ్డాక ఫ్యాన్ బలం తగ్గుతుంది.

తొట్టి చుట్టూ తడి గోనెసంచి కప్పమని కూడా ఒకరు చెప్పారు. మంచిదే, గానీ సంచి కొస నీళ్లలో మునగకుండా చూడండి. మాది మునిగింది. రాత్రంతా సంచి ఒత్తిలాగ నీళ్లు పీల్చి నేల మీదికి వదిలింది. తెల్లారి కింది పోర్షన్ వాళ్లొచ్చి తలుపు కొట్టారు!

ఆ వారం మేత ఒక పూటకు తగ్గించిన, అది కూడా చిటికెడే. తిన్నకొద్దీ ఊపిరి ఎక్కువ కావాలి, రెట్ట ఎక్కువైతది. రెండు రోజులు ఏమీ వెయ్యకున్నా గోల్డ్‌ఫిష్‌కు ఏం కాదు. పిల్లలకు ఇది నచ్చజెప్పడమే కష్టం.

గోలెం సంగతి మా అవ్వ పుణ్యం. ఊళ్లె పాత ఇంట్లో బర్రెల కుడితి గోలెం ఖాళీగా పడి ఉండె. "అద్దాల పెట్టెల పెట్టి ఉడకబెడ్తున్నరు, గోలెంల వెయ్యరాదుర" అంది. సబ్బు పెట్టకుండా పీచుతో రుద్ది, నాలుగు రోజులు నీళ్లు మార్చుకుంటూ నానబెట్టి, పొలం దగ్గర వేపచెట్టు నీడ పడే వరండాలో పెట్టినం. చేపలను సంచిలో పోసి, ఆ సంచిని అరగంట గోలెంలో తేలేసి, కొంచెం కొంచెం గోలెం నీళ్లు కలిపి వదిలినం. మొదటిరోజు సాయంత్రం ఇంట్లో ఖాళీ తొట్టి నీళ్లు 34 ఉంటే, గోలెం 28 ఉంది. ఫ్యాన్ లేదు, కరెంటు లేదు. కొత్త సిమెంటు తొట్టిలో మాత్రం ఇట్ల వెయ్యకండి, సున్నం దిగి చేపలు చస్తాయి.

ఆవిరి అయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. పైపైన నింపుకుంటూ పోతే ఉప్పదనం పెరుగుతుంది. అందుకే వారానికోసారి నాలుగైదు బకెట్లకు ఒక బకెట్ లెక్కన పాత నీళ్లు తీసి, ఒకరోజు మూత లేకుండా నిల్వ పెట్టిన నీళ్లు పోస్తాను. తీసిన నీళ్లు కొత్తిమీర మడికి పోతాయి. ఆకు రంగులో తేడా వీడియో చివర్లో చూపించాను. చేపలకు మందు గానీ ఉప్పు గానీ వేసి ఉంటే ఆ నీళ్లు మొక్కలకు పోయొద్దు.

తొట్టి నడపలేక చేపలను చెరువులో వదిలేస్తాం అనేవాళ్లకు ఒక మాట. దయచేసి వద్దు. అక్వేరియంలో పాచి తింటుందని కొనుక్కొచ్చిన సక్కర్ చేపే ఇవాళ డెవిల్ ఫిష్ అని మన చెరువుల్లో వలలు చింపుతోంది. కాక దాని పేరెత్తితే తిట్లు మొదలుపెడతాడు.

ఆదిలాబాద్‌లో ఉండే మా బామ్మర్దిది ఇంకో రకం కథ. అక్కడ చలికాలం ఎంత గట్టిదో తెలిసిందే. డిసెంబర్‌లో గప్పీ చేపల కోసం హీటర్ పెట్టాడు. మార్చి దాటినా ప్లగ్గు తీయలేదు. నీళ్లు వేడిగుంటే అదంతట అదే ఆగాలి. లోపల స్విచ్ అతుక్కుపోయి ఆగలేదు. వాడు ఎండనే తిట్టుకుంటూ వారం గడిపాడు. తొట్టి వేడెక్కితే ముందు హీటర్ ప్లగ్గు చూడండి.

జూన్ 8న మిరుగం వచ్చింది. పొద్దున్నే మార్కెట్‌కు పోతే ఊరంతా అక్కడే ఉంది. కొర్రమట్టలు బోళ్లలో, జానెడు లోతు కూడా లేని నీళ్లలో, ఆ ఎండకు ప్రాణంతోనే ఉన్నాయి. అవి పైకొచ్చి గాలి నేరుగా పీల్చుకోగలవు, గోల్డ్‌ఫిష్‌కు ఆ సౌకర్యం లేదు. ఇంటికొచ్చి ఇదంతా బిడ్డకు చెప్పిన. విన్నది. పులుసు మాత్రం తినలేదు. పచ్చడి వేసుకొని తిని, గోలెం చూడ్డానికి పొలం పోదాం పా అంది.