గోల్స్ కొడితే ఆడపిల్ల కాదన్నారు!

మలావిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్. ఒకమ్మాయి కాలికి బంతి అందిందంటే గోలే. ఆపడం ఎవరి వల్లా కావట్లేదు. చివరికి అవతలి జట్టు వాళ్లు ఆమెను చుట్టుముట్టారు. బంతి కోసం కాదు. ఇంత బాగా ఆడుతోందంటే మగపిల్లాడే అయ్యుండాలని వాళ్ల అనుమానం. అందరూ చూస్తుండగానే ఒంటిమీది బట్టలు విప్పేశారు.

ఆ అమ్మాయి తబితా చవింగా. అప్పుడామె టీనేజీలో ఉంది. అలా జరిగింది ఒక్కసారి కాదు, రెండుసార్లు. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత, విదేశాల్లో పేరు తెచ్చుకున్నాక తనే విలేకరులకు చెప్పింది.

మనకీ ఇలాంటి కథలు కొత్త కాదు. ఒడిశా అథ్లెట్ ద్యుతీచంద్‌ను 2014లో హార్మోన్లు ఎక్కువన్న కారణంతో పోటీలకు దూరం పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి, 2015లో గెలిచి మళ్లీ ట్రాక్ ఎక్కింది. తబిత విషయంలో పరీక్షా లేదు, కోర్టూ లేదు. ఎదుటి జట్టుకు అనుమానం వచ్చింది... అంతే! అలాంటి రోజు తర్వాత మళ్లీ బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి?

తబిత 1996లో ఉత్తర మలావిలోని రుంఫి జిల్లాలో పుట్టింది. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి బంతి తన్నేది. ఆడపిల్లకు ఈ ఆటేంటని ఇంట్లోవాళ్లకు మొదట్లో నచ్చలేదు. తర్వాత రాజధాని లిలోంగ్వే చేరి డీడీ సన్‌షైన్ జట్టుకు ఆడింది. అక్కడి నుంచి ఏకంగా స్వీడన్!

మంచుదేశంలో గోల్స్ వాన

2014లో క్రోకోమ్ అనే ఊరి క్లబ్బులో చేరింది. యూరప్ క్లబ్బుకు ఆడిన తొలి మలావి మహిళ ఆమే. ఎండలో పెరిగిన పిల్ల, ఉత్తర స్వీడన్ చలి. భాష రాదు. అయినా మొదటి సీజన్‌లో 14 మ్యాచుల్లో 39 గోల్స్ కొట్టింది. అచ్చుతప్పు కాదు, 39 గోల్సే! అది మూడో అంచె లీగ్ కాబట్టి కుదిరిందిలే అనుకోవచ్చు. మరుసటి ఏడాది రెండో అంచెలో క్వార్న్‌స్వెడెన్ జట్టుకు ఆడి 43 కొట్టింది. ఆ జట్టును పై లీగ్‌కు చేర్చింది.

2017లో మాత్రం విచిత్రం జరిగింది. స్వీడన్ అగ్రశ్రేణి లీగ్‌లో 26 గోల్స్‌తో తబితే టాప్ స్కోరర్. కానీ ఆమె జట్టు ఆ సీజన్ చివర్లో కింది లీగ్‌కు జారిపోయింది. ఒక్కరు ఎంత ఆడినా ఫుట్‌బాల్ పదకొండు మంది ఆటే కదా!

తర్వాత చైనా. జియాంగ్సు జట్టుతో 2019లో లీగ్ టైటిల్ గెలిచి, 2021లో వూహాన్‌కు మారింది. ఆ క్లబ్బు ఆమెను ఇంటర్ మిలాన్‌కు అరువిచ్చింది. 2022-23లో అక్కడ 23 గోల్స్‌తో ఇటలీ మహిళల లీగ్‌లో అగ్రస్థానం. ఒక ఆఫ్రికా క్రీడాకారిణి అక్కడ టాప్ స్కోరర్ కావడం అదే మొదటిసారి. ఆ మరుసటి సీజన్ పారిస్ సెయింట్ జెర్మెయిన్‌లో... ఫ్రాన్స్‌లోనూ అదే కథ. ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి అవార్డునూ అందుకుంది. 2024లో లియోన్ క్లబ్బుకు వెళ్లింది. ఆ ఏడాది బాలన్ డి ఓర్ తుది జాబితాలో ఆమె పేరూ ఉంది.

అక్క బాటలో చెల్లి

తబిత వేసిన దారిలోనే రెండేళ్లు చిన్నదైన చెల్లి తెంవా నడిచింది. అదే క్వార్న్‌స్వెడెన్, అదే వూహాన్. అక్కడి నుంచి మాత్రం దారి మారి అమెరికా వెళ్లి కేన్సస్ సిటీ కరెంట్‌లో చేరింది. 2024లో 20 గోల్స్ కొట్టి అమెరికా మహిళల లీగ్‌లో ఒక సీజన్ రికార్డును తిరగరాసింది. 2024, 2025... రెండేళ్లూ ఆ లీగ్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. చెల్లెలు అక్కను మించిందా అంటే, ఈ లెక్కలు చూసి మీరే చెప్పండి. కాకపోతే యూరప్ తలుపు మొదట తట్టింది అక్కే.

విదేశాల్లో ఇంత చేసినా ఒక వెలితి ఉండేది. 'స్కార్చర్స్' అని పిలుచుకునే మలావి మహిళల జట్టు ఆఫ్రికా కప్ ముఖమే చూడలేదు. ఏటా యూరప్‌లో కప్పులకోసం పోటీపడే అమ్మాయికి సొంత ఖండపు పెద్ద టోర్నీలో ఆడే అవకాశమే రాలేదన్నమాట. 2023లో దక్షిణాఫ్రికా ప్రాంత దేశాల కొసాఫా టోర్నీ ఫైనల్లో బలమైన జాంబియాను 2-1తో ఓడించి మలావి తొలిసారి కప్పు గెలిచింది. ఆశ పుట్టింది. 2025 అక్టోబరులో అంగోలాపై నెగ్గి ఆఫ్రికా కప్‌కు మొట్టమొదటిసారి అర్హత సాధించింది. అప్పటికి తబితకు 29 ఏళ్లు.