ముగ్గురాయి, రాతినార, బ్రేకు ప్యాడ్

రాయచోటి నుంచి కడపకు దిగే లోడు లారీలు గువ్వలచెరువు ఘాట్ రాగానే గేరు తగ్గించి మెల్లగా జరుగుతాయి. ఆ ఊళ్ళో పాలకోవా వాసన ఎంత మామూలో, మలుపుల్లో కమురు వాసన కూడా అంతే మామూలు. బ్రేకు లైనర్లు కాలుతున్న వాసన అది. ఏదీ తెగకుండా, ఏదీ విరగకుండా కూడా బ్రేకులు చేతులెత్తేస్తాయి. వేడి చాలు.

బండి వేగాన్ని వేడిగా మార్చడం, ఆ వేడిని గాలికి వదిలించుకోవడం: బ్రేకుకు ఉన్నది ఈ రెండు పనులే. మొదటిది ఎడ్లబండి కట్టె కూడా చేస్తుంది. కష్టమంతా రెండోదాంట్లోనే. 1200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉండి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి, లీటరున్నర నీళ్ళను మరిగే దాకా తేగలదు. అదే కారు 100 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకు మీదే కాలుంచి దిగితే, అలాంటివి రెండున్నర ఆగుళ్ళంత వేడి. 30 టన్నుల లారీకి దాన్ని 25తో గుణించుకోండి.

ఈ వేడిని తట్టుకునే పదార్థం కోసం వెతికినవాళ్ళలో ఇంగ్లండుకు చెందిన హెర్బర్ట్ ఫ్రూడ్ ముందువరసలో ఉంటాడు. డెర్బీషైర్ కొండల్లో రైతులు బండి బ్రేకు దిమ్మెకు పాత బూటు తోలు కొట్టుకోవడం చూసి అతనికి ఆలోచన తట్టిందని చెబుతారు. 1897లో మొదలుపెట్టి, కొన్నేళ్ళకు రాతినార (ఆస్బెస్టాస్)తో లైనింగులు నేశాడు. అతని కంపెనీ పేరు ఫెరోడో. అక్షరాలు అటూఇటూ చేసి భార్య ఎలిజబెత్ పేరులోని 'ఈ' కలిపితే ఫ్రూడ్ కాస్తా ఫెరోడో అయింది.

రాతినార మంటకు కాలదు, నూలులా నేయడానికి వస్తుంది, చవక. మన పులివెందుల కొండల్లోనూ దొరికింది. వేంపల్లె డోలమైటు రాతిలోకి భూగర్భం నుంచి కరిగిన శిల చొచ్చుకొచ్చిన చోట్ల సన్నని పోచల్లా పేరుకున్న క్రిసోటైల్ అది. దశాబ్దాల పాటు తవ్వారు. ప్రపంచమంతా బ్రేకు లైనర్లలో రాతినారే రాజ్యమేలింది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ళ తరబడి కూర్చుని క్యాన్సరు తెస్తుందని రుజువయ్యాక కథ మారింది. దేశంలో కొత్త గనుల లీజులు ఆపేశారు. డ్రమ్ము విప్పి కంప్రెసర్ గాలితో ఫుస్సుమని దుమ్ము ఎగరగొట్టే అలవాటు మాత్రం షెడ్లలో ఇంకా పోలేదు. నా దృష్టిలో ఇంజిన్ వేడి కన్నా, పానా జారి తగిలే దెబ్బ కన్నా ఇదే పెద్ద ప్రమాదం. పాత బండి లైనరులో ఏముందో పైకి కనపడదు. తడిపి తుడవడమే మేలు.

రాతినార పోయిన చోటును ఒక్క పదార్థం భర్తీ చేయలేదు. ఇప్పటి ప్యాడులో ఉక్కు పీచు, అరమిడ్ నార, గ్రాఫైటు, రెసిన్, వీటితో పాటు బరువుకూ మోత తగ్గడానికీ బెరైటీసు పొడి ఉంటాయి. బెరైటీసంటే మనకు తెలిసిన ముగ్గురాయే. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో దాని నిల్వ ప్రపంచంలోని అతిపెద్దవాటిలో ఒకటి. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు, బ్రేకు వేడికి చెక్కుచెదరదు. తవ్విన రాయిలో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికే పోతుంది. ప్యాడ్లకు చేరేది కొంచెమే.

డిస్కు బ్రేకుకు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. అతను వాడిన రాగి ప్యాడ్లు చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి. ఆలోచన మూలన పడింది. 1953లో ల మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ గెలిచాక అందరి కళ్ళూ అటు తిరిగాయి. డ్రమ్ములో వేడి లోపలే చిక్కుకుంటుంది. డిస్కు గాలిలో బాహాటంగా తిరుగుతుంది కాబట్టి మాటిమాటికీ బ్రేకు వేసినా త్వరగా తేరుకుంటుంది.

ఇప్పుడు ఇంటి ముందు జాకీ ఎక్కించిన కారు దగ్గరకు వద్దాం. మన కర్నూలు కుర్రాడి స్పోర్ట్స్ కారంటే పోలో జీటీయో, స్విఫ్టో. ముందు డిస్కులు, వెనక చాలావాటికి డ్రమ్ములు. మొదటి కోరిక పెద్ద డిస్కులు, ఎర్ర రంగు కాలిపర్లు. అవి రిమ్ములో పట్టాలి, మాస్టర్ సిలిండరుకు సరిపోవాలి, ముందూ వెనకా చక్రాల మధ్య బ్రేకు బలం తూకం చెడకూడదు. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదన్నది కూడా ఉంది. పైగా ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు బండి ఎంత దూరంలో ఆగాలో తేల్చేది టైరు. పెద్ద డిస్కు ఉపయోగం పదో మలుపులో తెలుస్తుంది.

అందుకే డబ్బు ముందు బ్రేకు ఆయిలు మీద పెట్టమంటాను. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడి చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి పెడల్ నేలకు దిగిపోతుంది. రెండేళ్ళకోసారి మార్చడం మంచిది.

మార్చడానికి ఇద్దరు కావాలి. సీట్లో ఒకరు, చక్రం దగ్గర రింగ్ పానాతో ఒకరు. బ్రేకు నిపిల్‌కు పారదర్శకమైన సన్నని పైపు తగిలించి, దాని కొసను ఆయిలున్న సీసాలో ముంచుతారు. "తొక్కురా... పట్టుకో, ఒదలాకు." నిపిల్ పావు చుట్టు తిప్పగానే నల్లటి ఆయిలు, వెనకే బుడగలు. బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది. పైన ఆయిలు డబ్బా ఖాళీ కాకుండా ఒక కన్నేసి ఉండాలి. ఒక్క బొట్టు బాడీ మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

కొత్త ప్యాడ్లు వేసినవాళ్ళకు ఇంకో పనుంది. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 60 వేగం నుంచి 10కి తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, కొన్నిసార్లు బ్రేకు వేయాలి. ప్యాడు పదార్థం డిస్కు మీద పలచని పొరగా పట్టడానికే ఇదంతా. తర్వాత బ్రేకు తొక్కకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. వేడి మీద ఆపి అలాగే తొక్కి పట్టుకుంటే ఆ చోట మచ్చ పడి, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ వణుకుతుంది. ఘాట్ ఎక్కేది ఆ తర్వాతే. దిగేటప్పుడు మాత్రం లారీవాళ్ళు ఏ గేరులో దిగుతున్నారో చూసి, అలాగే దిగండి.