షట్టర్ కింద వేలెడు సందు!

రాత్రి తొమ్మిదింటికి గరగరమంటూ షట్టర్ కిందికి దిగుతుంది. రెండు వైపులా తాళాలు పడతాయి. ఇక అంతా భద్రమే అనుకుంటాం. దొంగ సంగతి వరకూ నిజమే. మరి గాలికీ వానకీ, దుమ్ముకీ ఎలుకకీ తాళంతో పనేముంది? వాటికి వేలెడు సందు చాలు!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోడ్డువార ఇల్లు కడితే ముందు గదికి షట్టర్ పెట్టించడం మామూలే. ఇవాళ అందులో కారో బైకో ఉంటుంది. రేపు కిరాణా కొట్టుకు అద్దెకిస్తారు. కోతల రోజుల్లో ధాన్యం బస్తాలకూ అదే గది. పలాసలో జీడిపప్పు అయినా, నరసన్నపేటలో బట్టల బేళ్లయినా ఆ ఇనుప తెర వెనకే. కాస్త చెమ్మ తగిలిందంటే పప్పు మెత్తబడుతుంది. బట్ట మచ్చ పడుతుంది.

పైగా మనది తుపాన్ల తీరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి పక్క జిల్లాలనూ కుదిపేసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. అలాంటప్పుడు వాన పైనుంచి పడదు, అడ్డంగా కొడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తలుపు మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. మామూలు రోజున నాలుగు చుక్కలు రానిచ్చిన సందే ఆ రాత్రి బకెట్ల కొద్దీ నీళ్లు తెస్తుంది.

వెలుగే చెబుతుంది

సందు ఎక్కడుందో కనిపెట్టడం తేలిక. పట్టపగలు షట్టర్ దించి లోపల నిలబడండి. లైట్లు ఆర్పేయండి. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో గాలీ నీరూ అక్కడి నుంచే వస్తాయి. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పెన్సిల్ దూరేంత సందు చాలు, చుంచెలుక లోపలికొచ్చేస్తుంది. ఎలుక వెనక పామూ రావచ్చు.

కింద... గచ్చు నుంచి మొదలు

షట్టర్ అడుగు పట్టీ తిన్నగానే ఉంటుంది. గచ్చే ఎత్తుపల్లాలుగా ఉంటుంది. అందుకే ఒక చివర ఆనినా మరో చివర సందు మిగిలిపోతుంది. ముందు తాపీమేస్త్రీ చేత షట్టర్ ఆనే చోట గచ్చు సమం చేయించండి. అక్కడి నుంచి వీధి వైపు వాలు ఇప్పించండి. ఆ తర్వాతే రబ్బరు. మందపాటి రబ్బరు పట్టీని అడుగు పట్టీకి లోపలి వైపు ఆనించి, దానిపై సన్నటి అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు బిగించాలి. రబ్బరు నేలకు తగిలి కొద్దిగా వంగితే సరిపోతుంది. మరీ పొడుగైతే మడతపడి చిరుగుతుంది. తాళం పడే చోట కత్తిరించడం మరవద్దు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో స్టీలు స్క్రూలే వాడండి. ఉప్పుగాలికి ఇనుపవి తొందరగా తుప్పు పడతాయి.

ధాన్యం నిల్వ చేసే గదికి రబ్బరు ఒక్కటే చాలదు. ఎలుక దాన్ని కొరికేస్తుంది. రబ్బరుకు తోడు సన్నటి రేకు పట్టీ కూడా బిగించాలి.

పక్కలా, పైనా

పక్కన షట్టర్ జారే గాడిలో కొంత ఖాళీ ఉండాల్సిందే. అందులో గుడ్డపేలికలు కుక్కితే షట్టర్ పట్టేస్తుంది. మూయాల్సింది గాడికీ గోడకీ మధ్య సందును. దానికి సిమెంటు గానీ సిలికాన్ గానీ చాలు. గాడి లోపలి అంచున నైలాన్ బ్రష్ పట్టీ బిగిస్తే దుమ్ము ఆగుతుంది, షట్టరూ జారుతుంది. గాడిలో గ్రీజు పూయకండి. ఇసుకంతా దానికే అంటుకుంటుంది.

పైన షట్టర్ చుట్టుకునే చోట రేకు డబ్బా లేకపోతే వెంటనే పెట్టించండి. పక్షి గూళ్లూ, వాన జల్లూ రెండూ తప్పుతాయి. అక్కడుండే స్ప్రింగు జోలికి మాత్రం సొంతంగా వెళ్లొద్దు. బిగుతుగా చుట్టి ఉన్న ఆ స్ప్రింగు ఒక్కసారి వదులైతే చెయ్యి విరుగుతుంది. అది షట్టర్ మెకానిక్ పనే.

అన్నీ మూసేస్తే?

ఇక్కడే జాగ్రత్త కావాలి. సందులన్నీ మూశాక ఆ గదిలో కారు గానీ, బైకు గానీ, జనరేటర్ గానీ నడిపితే ప్రాణం మీదికొస్తుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. తుపాను తర్వాత కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చు. అప్పుడు జనరేటర్‌ను ఆరుబయటే పెట్టండి, కిటికీలకు దూరంగా. గ్యాస్ సిలిండర్ ఉన్న గదైతే ఇంకో సంగతి. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి నేలకు దగ్గరగా జాలీ బిగించిన గాలిరంధ్రం ఒకటి ఉంచాల్సిందే.

తుపాను కబురొస్తే...

రబ్బరు పట్టీ జల్లును ఆపుతుంది, తుపానును ఆపలేదు. ఆ బరువు మోసేది పక్క గాడులూ, వాటిని గోడకు పట్టి ఉంచే బోల్టులూ. వానాకాలం ముగిసేలోపే వాటిని బిగించి చూసుకోండి. హెచ్చరిక వినగానే షట్టర్ ముందు ఇసుక బస్తాలు వరసగా పేర్చండి. సరుకును ఇటుకల మీద బల్లలేసి ఎత్తున పెట్టండి. హోరుగాలిలో ఏం జరుగుతోందో చూద్దామని షట్టర్ సగం ఎత్తకండి. లోపలికి జొరబడిన గాలి పైకప్పును లేపేయగలదు. గాలి ఉన్నట్టుండి ఆగినా తొందరపడొద్దు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

ఈ పనంతటికీ ఒక్క పూట చాలు. గచ్చు ఆరడానికి మాత్రం కొన్నాళ్లు పడుతుంది. తీరా అక్టోబర్ గాలి లేచాక మెకానిక్ కోసం పరుగెత్తడమంటే ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వడమే. ఈ ఆదివారం ఓసారి లైట్లార్పి చూడండి. మీ షట్టర్ కింద ఎంత వెలుగుందో!