కొత్త టీవీ కొంటున్నారా? చుక్కల లెక్క కంటే నలుపు నాణ్యతే కీలకం

న్యూఢిల్లీ: కొత్త టీవీ కోసం దుకాణంలో అడుగుపెట్టిన కొనుగోలుదారుకు వరుసగా వెలుగుతున్న తెరలన్నీ ఒకే తీరుగా అద్భుతంగా కనిపిస్తాయి. 4కే, హెచ్‌డీఆర్, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ వంటి మాటలు ప్రతి పెట్టెపైనా దర్శనమిస్తాయి. ధరలో మాత్రం రెండింతల నుంచి ఐదింతల వరకు తేడా ఉంటుంది. ఏడెనిమిదేళ్ల పాటు ఇంట్లో ఉండే ఈ వస్తువు విషయంలో తొందరపడితే నష్టపోయేది కుటుంబ పొదుపే. దృశ్య నాణ్యత దేనిపై ఆధారపడుతుంది, దుకాణంలో ఏం పరిశీలించాలి, ఇంటికి వచ్చాక ఏం చేయాలి అన్న అంశాలను ఈ కథనం వివరిస్తుంది.

పన్ను తగ్గింపుతో ఊరట

32 అంగుళాలకు మించిన టీవీలపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. దీంతో చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని టీవీలకూ ఒకే పన్ను వర్తిస్తోంది. పన్నుకు ముందు రూ.40,000 ధర ఉన్న టీవీ లోగడ రూ.51,200 పడేది. కొత్త రేటు ప్రకారం రూ.47,200 అవుతుంది. అలా మిగిలిన రూ.4,000తో మరింత పెద్ద తెర కొనాలని చాలామంది భావిస్తారు. అదే పరిమాణంలో మెరుగైన తెరను ఎంచుకోవడానికి ఆ సొమ్మును వినియోగిస్తే ఫలితం ఎక్కువగా ఉంటుంది.

ముందుగా గదిని కొలవాలి

దుకాణానికి వెళ్లే ముందు కొలత టేపు తీసుకుని, కూర్చునే చోటి నుంచి టీవీ ఉండబోయే గోడ వరకు దూరం కొలవాలి. తెర మూల నుంచి మూలకు ఉన్న కొలతకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే సినిమా చూసిన అనుభూతి కలుగుతుందన్నది ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న లెక్క. దీని ప్రకారం 43 అంగుళాల తెరకు సుమారు నాలుగున్నర నుంచి ఆరు అడుగులు, 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడున్నర అడుగులు, 65 అంగుళాలకు ఆరున్నర నుంచి తొమ్మిది అడుగులు సరిపోతాయి. వార్తలు, సీరియళ్లే ప్రధానంగా చూసేవారు ఇంకొంత దూరంగా కూర్చున్నా ఇబ్బంది ఉండదు.

రెండో అంశం వెలుతురు. పగటిపూట కిటికీల నుంచి ఎండ పడే హాలు, రాత్రివేళ దీపాలార్పి సినిమా చూసే గది ఒకే రకం తెరను కోరవు. ఈ ఒక్క విషయం తేల్చుకుంటే ఎంపిక సగం పూర్తయినట్లే.

4కే అంటే ఎన్ని చుక్కలు?

తెరపై బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వీటినే పిక్సెళ్లు అంటారు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చొప్పున దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 4కే తెరలో 3,840, 2,160 చొప్పున సుమారు 83 లక్షలు ఉంటాయి. 8కే తెరలో ఈ సంఖ్య 3.3 కోట్లు.

చుక్కలు పెరిగినంత మాత్రాన కంటికి తేడా తెలియాలని లేదు. 55 అంగుళాల తెరకు ఏడడుగులు దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకి, 4కేకు మధ్య స్పష్టతలో తేడాను సాధారణ చూపు గుర్తించడం కష్టం. 43 అంగుళాలు, ఆపై పరిమాణాల్లో ఇప్పుడు 4కే తెరలే విస్తృతంగా లభిస్తున్నాయి కనుక వాటినే తీసుకోవడం సబబు. 32 అంగుళాల వద్ద మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఈ పరిమాణంలో ‘హెచ్‌డీ రెడీ’ పేరిట అమ్మే చాలా తెరల్లో ఉండేది 1,366, 768 చుక్కలే. 8కేలో తీసిన కార్యక్రమాలు దాదాపు లేనందున సాధారణ కుటుంబానికి దాని కోసం అదనంగా చెల్లించాల్సిన అవసరం లేదు.

తెరల రకాలు, వాటి స్వభావం

ఒకే సంఖ్యలో చుక్కలున్న రెండు టీవీల్లో ఒకటి కళ్లకు ఇంపుగా, మరొకటి వెలిసిపోయినట్లుగా కనిపించడానికి ప్రధాన కారణం కాంట్రాస్ట్. అత్యంత వెలుగైన భాగానికి, అత్యంత చీకటి భాగానికి మధ్య ఉండే నిష్పత్తి ఇది. నలుపు నిజమైన నలుపుగా కనిపించినప్పుడే మిగిలిన రంగులకు నిండుదనం వస్తుంది.

ఎల్‌ఈడీ టీవీగా పిలిచేది వాస్తవానికి ఎల్‌సీడీ తెరే. దాని వెనుక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతుంటాయి. ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుగును అవసరమైన చోట వదులుతుంది, అక్కర్లేని చోట ఆపుతుంది. పూర్తిగా ఆపలేదు కాబట్టే రాత్రి సన్నివేశాల్లో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఈ తెరల్లో రెండు ప్రధాన రకాలున్నాయి. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది. కాంట్రాస్ట్ సాధారణంగా 3,000:1 లేదా అంతకు మించి ఉంటుంది. పక్క నుంచి చూస్తే మాత్రం రంగులు పాలిపోతాయి. ఐపీఎస్ రకంలో కాంట్రాస్ట్ 1,000:1 దరిదాపుల్లోనే ఉంటుంది. అయితే గదిలో ఏ మూల కూర్చున్నా రంగులు పెద్దగా మారవు. పది మంది చుట్టూ చేరి క్రికెట్ చూసే హాలుకు ఐపీఎస్, ఎదురుగా కూర్చుని సినిమాలు చూసేవారికి వీఏ అనుకూలం.

క్యూఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీయే. దీపాలకు, తెరకు మధ్య క్వాంటమ్ డాట్ల పొర అదనంగా ఉంటుంది. దీనివల్ల రంగుల విస్తృతి పెరుగుతుంది. నలుపు మాత్రం దానంతట అది మెరుగుపడదు. అందుకు కావాల్సింది లోకల్ డిమ్మింగ్, అంటే చీకటి భాగాల వెనుక ఉన్న దీపాలను మాత్రమే తగ్గించే ఏర్పాటు. మినీ ఎల్‌ఈడీ టీవీల్లో వేల కొద్దీ చిన్న దీపాలను వందలాది భాగాలుగా విడగొట్టి నియంత్రిస్తారు. ఎన్ని ఎక్కువ భాగాలుంటే వెలుగు అంత కచ్చితంగా అదుపులో ఉంటుంది. కొనేముందు ఎన్ని డిమ్మింగ్ జోన్లు ఉన్నాయో అడగాలి.

ఓఎల్‌ఈడీలో వెనుక దీపాలే ఉండవు. ప్రతి చుక్కా స్వయంగా వెలుగుతుంది, అవసరమైతే పూర్తిగా ఆరిపోతుంది. అందుకే నలుపు విషయంలో దీనికి సాటి లేదు. పక్క నుంచి చూసినా బొమ్మ చెదరదు. దీనికి రెండు పరిమితులున్నాయి. ఎండ పడే గదిలో మంచి మినీ ఎల్‌ఈడీ అంత వెలుగు ఇవ్వకపోవచ్చు. కదలని బొమ్మ ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే దాని ముద్ర తెరపై శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఉదయం నుంచి రాత్రి వరకు ఒకే వార్తా ఛానల్ నడిచే ఇళ్లలో మూలనున్న లోగో, కింద పారే స్క్రోలింగ్ పట్టీ ఇందుకు కారణం కావచ్చు. అటువంటి కుటుంబాలకు మినీ ఎల్‌ఈడీ క్షేమకరం.

హెచ్‌డీఆర్ గుర్తు ఉంటే చాలదు

వెలుగు నీడల తేడాను సహజంగా చూపే సాంకేతికత హెచ్‌డీఆర్. హెచ్‌డీఆర్10, హెచ్‌ఎల్‌జీ, హెచ్‌డీఆర్10 ప్లస్, డాల్బీ విజన్ ఇందులో ప్రధానమైనవి. 10 బిట్ తెరలో సుమారు 107 కోట్ల వర్ణఛాయలకు అవకాశం ఉంటుంది. 8 బిట్ తెరలో అవి 1.67 కోట్లు మాత్రమే.

పెట్టెపై హెచ్‌డీఆర్ అని ముద్రించి ఉన్నంత మాత్రాన ఆ అనుభూతి లభించదు. ఆ సంకేతాన్ని స్వీకరించగలదన్నదే దాని అర్థం. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. చౌక టీవీల్లో ఇది 250 నుంచి 300 నిట్ల వద్దే ఆగిపోతుంది. ఎల్‌సీడీ తెరలో హెచ్‌డీఆర్ ప్రభావం కంటికి తెలియాలంటే కనీసం 500 నుంచి 600 నిట్ల వెలుగు, దానితోపాటు లోకల్ డిమ్మింగ్ ఉండాలి.

రిఫ్రెష్ రేటు విషయంలోనూ ఇదే మెలకువ పాటించాలి. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో తెలిపే అంకె ఇది. ‘మోషన్ రేట్ 240’ వంటివి కంపెనీలు పెట్టుకున్న వాణిజ్య నామాలు. తెర అసలు రేటు 60 హెర్ట్‌జా, 120 హెర్ట్‌జా అని స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి. వార్తలకు, సీరియళ్లకు 60 సరిపోతుంది. క్రీడలు ఎక్కువగా చూసేవారికి 120 ఉపయోగకరం. కొత్త తరం గేమింగ్ యంత్రాలు వాడేవారు దానితోపాటు హెచ్‌డీఎంఐ 2.1 ఉందో లేదో చూసుకోవాలి.

దుకాణంలో ఇలా పరీక్షించాలి

దుకాణాల్లో టీవీలను సాధారణంగా ‘వివిడ్’ లేదా ‘స్టోర్’ మోడ్‌లో ఉంచుతారు. వెలుగు, రంగులు గరిష్ఠ స్థాయిలో ఉంటాయి. తెరపై నడిచేది కంపెనీ ప్రత్యేకంగా చిత్రీకరించిన పూలు, పక్షులు, నగరాల వీడియో. ఇంట్లో కనిపించబోయే దృశ్యం ఇది కాదు. అందువల్ల కింది పరీక్షలు చేయడం మంచిది.

- టీవీని ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్‌లోకి మార్చమని కోరాలి.
- మీరు ఇదివరకే చూసిన సినిమాలోని రాత్రి సన్నివేశాన్ని పెట్టించాలి. నల్లటి జుట్టు, చీకటి గోడలు, నీడలో ఉన్న ముఖాలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో గమనించాలి.
- మనుషుల ముఖాలను చూడాలి. చర్మం నారింజ రంగులోకి మారితే రంగులు కృత్రిమంగా ఉన్నట్లే.
- సినిమా చివర నల్లటి తెరపై తెల్లటి పేర్లు వచ్చేటప్పుడు అక్షరాల చుట్టూ వెలుగు మరక కనిపిస్తే డిమ్మింగ్ నాణ్యత తక్కువని అర్థం.
- నాలుగడుగులు పక్కకు జరిగి రంగులు మారుతున్నాయేమో చూడాలి.
- మీ ఇంట్లో వచ్చే సాధారణ ఛానల్‌ను ఒక్కసారైనా పెట్టి చూపించమనాలి.

ఆన్‌లైన్‌లో కొనదలిచినవారు కూడా ముందు దుకాణానికి వెళ్లి అదే మోడల్‌ను ప్రత్యక్షంగా చూడటం ఉత్తమం. మోడల్ నంబరులోని చివరి అక్షరాలు సైతం సరిపోల్చాలి. ఒకే పేరుతో ఉన్న శ్రేణిలో పరిమాణాన్ని బట్టి తెర రకం మారవచ్చు.

బొమ్మ ఎక్కడి నుంచి వస్తోంది?

కొత్త 4కే టీవీ కొన్నాక పాత టీవీయే నయమని వాపోయే కుటుంబాలున్నాయి. దీనికి కారణం చాలాసార్లు టీవీలో ఉండదు. సాధారణ ఎస్‌డీ ఛానల్ పంపే బొమ్మలో 720, 576 చొప్పున సుమారు 4.15 లక్షల చుక్కలే ఉంటాయి. 83 లక్షల చుక్కలున్న తెర దానిని నింపుకోవాలంటే వచ్చిన ప్రతి చుక్కను దాదాపు ఇరవై చుక్కలుగా సాగదీయాలి. లేని వివరాన్ని టీవీ అంచనా వేసి సృష్టిస్తుంది. తెర పెద్దదయ్యే కొద్దీ ఆ లోపం స్పష్టంగా బయటపడుతుంది.

అందువల్ల టీవీతోపాటు హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు, హెచ్‌డీ ఛానళ్ల ప్యాకేజీ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. బాక్సును ఎరుపు, తెలుపు, పసుపు రంగుల పాత తీగలతో కాక హెచ్‌డీఎంఐ తీగతో కలపాలి. బాక్సు సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను 1080కి మార్చాలి. ఇంటర్నెట్ ద్వారా 4కే చూడాలంటే సెకనుకు 15 మెగాబిట్లకు తగ్గని స్థిరమైన వేగం, 4కేను అనుమతించే చందా పథకం ఉండాలి. తక్కువ ధర పథకాల్లో బొమ్మ నాణ్యతకు పరిమితి ఉంటుంది.

కొన్ని చౌక టీవీల్లో గూగుల్ ధ్రువీకరణ లేని ఆండ్రాయిడ్ ఉంటుంది. వాటిలో ప్రధాన ఓటీటీ యాప్‌లు పనిచేయకపోవచ్చు. పనిచేసినా నాణ్యత తగ్గవచ్చు. మీరు వాడే యాప్‌ను దుకాణంలోనే తెరిపించి చూడటం మేలు.

గుర్తులు, బిల్లు, వారంటీ

మన దేశంలో విక్రయించే టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. టీవీపై ఉండే ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. విద్యుత్ పొదుపు సంస్థ ఇచ్చే నక్షత్రాల లేబుల్‌పై ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ఉంటుంది. ఒకే పరిమాణంలోని రెండు టీవీలను పోల్చేటప్పుడు నక్షత్రాలతోపాటు ఆ యూనిట్ల అంకెనూ చూడాలి. పెట్టెపై తయారీ లేదా దిగుమతి నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. భారీ తగ్గింపు ప్రకటించినప్పుడు ముందుగా పరిశీలించాల్సింది దీనినే.

టీవీలో అత్యంత ఖరీదైన భాగం ప్యానెల్. వారంటీ ముగిశాక అది పాడైతే మరమ్మతు ఖర్చు కొత్త టీవీ ధరకు చేరువ కావచ్చు. ప్యానెల్‌కు ఎన్నేళ్ల వారంటీ ఉంది, మీ ఊళ్లో సర్వీస్ కేంద్రం ఉందా, గోడకు బిగించే రుసుము ఎవరు భరించాలి అన్న వివరాలను బిల్లు చెల్లించే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. తెర పగిలి ఉంటే బాధ్యత ఎవరిదన్న వివాదం తలెత్తకుండా పెట్టెను సాంకేతిక నిపుణుడి సమక్షంలోనే తెరవాలి. ఆ దృశ్యాన్ని ఫోన్‌లో చిత్రీకరించడం మేలు.

సమస్య పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు.

ఇంటికి వచ్చాక

టీవీ బిగించిన రోజే పిక్చర్ మోడ్‌ను ‘సినిమా’కు మార్చాలి. మొదటి రెండు రోజులు తెర కాస్త పసుపుగా అనిపించినా తర్వాత అదే సహజంగా తోస్తుంది. షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించాలి. మోషన్ స్మూతింగ్‌ను సినిమాలకు ఆపివేయాలి. సినిమాను సెకనుకు 24 చిత్రాల చొప్పున తీస్తారు. మధ్యలో లేని చిత్రాలను టీవీ కల్పించి చేర్చడంతో అది సీరియల్‌లా కనిపిస్తుంది. పగటివేళ వెలుగును పెంచుకుని, రాత్రి తగ్గించుకుంటే కళ్లకు శ్రమ ఉండదు. కూర్చున్నప్పుడు కంటిచూపు తెర మధ్య భాగానికి కాస్త అటూ ఇటూగా ఉండేలా టీవీని బిగించాలి. పలుచని టీవీల్లో స్పీకర్లు చిన్నవి కనుక మాటలు స్పష్టంగా వినిపించకపోతే ఈఆర్క్ పోర్టు ద్వారా సౌండ్‌బార్‌ను కలుపుకోవచ్చు.

పాత టీవీని చెత్తలో పారేయడం, తెలియని వారికి తూకానికి ఇవ్వడం తగదు. గూడు టీవీల గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కొత్త టీవీ కొనేటప్పుడే పాతదానిని ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వడం లేదా గుర్తింపు పొందిన రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగించడం శ్రేయస్కరం.