సొరబుర్రల పలుకు

సొరబుర్ర యనగానే మనకు వీణయో తంబురయో స్ఫురించును. పశ్చిమ ఆఫ్రికాయందు ఇరువదివరకు బుర్రలను వరుసగా వ్రేలాడగట్టిన వాద్య మొకటి కలదు. దానిని బాలఫోను అందురు. మాండింకా భాషలో 'బాల' యనగా నా వాద్యము. 'ఫో' యనగా పలికించుట. మనమును వీణను పలికించుట యనియే యందుము గదా!

చట్రముపై గట్టికొయ్య పలకలను పొడవు క్రమమున కట్టుదురు. పలకను నిప్పుసెగకు ఎండబెట్టి, శ్రుతి హెచ్చవలెనన్న కొనలయందును, తగ్గవలెనన్న నడుమను చెక్కుదురు. పలక క్రింద దాని స్వరమునకు తగిన యెండుబుర్ర యుండును. రబ్బరు చుట్టిన రెండు పుల్లలతో వాయింతురు. ఇంతవరకు జలతరంగిణి నెరిగిన వారికి వింత లేదు. మమ్ము మిక్కిలి యాశ్చర్యపరచినది వేరొకటి. బుర్రకు చిన్న రంధ్రము చేసి, సాలెపురుగు గ్రుడ్లసంచి పొరను దానిపై నంటింతురు. మనము చీపురుతో దులిపి పారవేయునదే! పలక మ్రోగగా నా పొర కంపించి జుమ్మను నాదము పుట్టును. తంబుర తంతి క్రింద దారపు జీవాళి చేయు పనియు నిట్టిదే. నేడు కొందరు సిగరెట్టు కాగితము వాడుదురు.

మాలి రాజసభను 1352-53లో చూచిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, పండుగనాడు దూఘా యనునతడు బుర్రలు కట్టిన వాద్యమును మీటుచు పాడుటను, అతని భార్యలు తోడుగా పాడుటను వర్ణించెను. గాయకకులమున పుల్లలు సాధారణముగా పురుషుల చేతివి; స్త్రీలు ఇనుపగొట్టముపై తాళము వేయుచు వంశకీర్తులు పాడుదురు. అన్ని తరముల పేళ్లు ధారణయం దుంచుకొనుట కంటె పుల్లలాడించుట ఘనమని మేము తలపము.

వీనిలో ఆదివాద్యము సోస్సో-బాల. 13వ శతాబ్దిలో సోస్సో రాజగు సుమావొరో కాంతే దీని నొరుల కంటబడనీయడయ్యెనట. బల్లా ఫాసేకే యను గాయకుడు రహస్యముగా ప్రవేశించి వాయించెను. కోపముతో వచ్చిన రాజు తన కీర్తి విని కరిగి, అతడు విడిచిపోకుండ కాలి నరములు కోయించెనని యచటివారి గాథ. ఇట్టి యాదరమును ఏమందుము!

ఆ వాద్యమును అతని కూయాతే వంశమువారు గినీ దేశపు న్యాగస్సోలా గ్రామమున కాపాడుచున్నారు. యునెస్కో దీనిని 2001లో గుర్తించి, 2008లో తన పట్టికలో చేర్చినది. సంరక్షకుడగు పెద్ద 'బాలతిగి' మాత్రమే, కొన్ని సమయములయందే, దీనిని వాయించును. ఏడేండ్లు నిండిన పిల్లలకు విద్య నేర్పు భారమును అతనిదే. బాటలు సరిగా లేక, బ్రతుకుతెరువునకై జనులు ఊరు విడుచుటచే శిష్యులు తరిగిరని యునెస్కో వ్రాసినది.